కొండగొర్రె, మంద, టీకా

తెలంగాణములోని కవ్వాల్ అడవులలో నీటిపట్టులను విడిచి దూరము పోజాలక, పొదలచాటున ఒంటిగానో జంటగానో తిరుగాడు ఒక చిన్న మృగమును మన పెద్దలు కొండగొర్రె యనిరి. అది గొర్రె కాదు; మగదానికి నాలుగు కొమ్ములు, మనుబోతునకు దగ్గరి చుట్టము. అయినను జెర్డన్ దొర 1867లో వెలువరించిన క్షీరదముల గ్రంథమున సైతము ఈ తెలుగు పేరే ఇంచుక రూపుమారి కనిపించును. అమెరికాలోని రాకీ పర్వతములపై వంకరతిరిగిన పెనుకొమ్ములు గల నిజమైన కొండగొర్రెలు కలవు. ఆ రెంటికిని పొంచియున్న ముప్పు మాత్రము ఒక్క త్రోవనే, పెంపుడు మందనుండియే, వచ్చును. పెంపుడు గొర్రెల ముక్కులలో పెద్ద హాని చేయక నివసించు సూక్ష్మజీవి యొకటి అచ్చటి అడవిగొర్రెలకు సోకినచో, ఊపిరితిత్తుల వాపుతో పెద్దవానిని చంపి, పిదప ఏండ్ల తరబడి పిల్లలను బ్రతుకనీయదు. దానిని అరికట్టు టీకా అడవిగొర్రెలకు లేనందున, మందలను కొండలకు ఎడముగా నుంచుటయు, రోగమును మోయు జీవములను పరీక్షించి తొలగించుటయు అచ్చటివారి ముఖ్యోపాయములైనవి.

మన దేశమున ఈ కథ ముసర రోగముతో మొదలగును. పశువుల పాలిటి ఆ మహామారిని గూర్చి విచారణ సంఘము 1871లో నివేదిక సమర్పించెను. 1889లో పుణెలో వెలసిన పరిశోధనాలయము 1893లో హిమాలయములలోని ముక్తేశ్వరమునకు తరలిపోయెను. అచ్చటనే ఎడ్వర్డ్సు అను శాస్త్రజ్ఞుడు 1920 దశకమున ఆ రోగపు సూక్ష్మజీవిని మేకలలో పెంచి, తీక్ష్ణత తగ్గించి టీకా సిద్ధపరచెను. 1954లో జాతీయ నిర్మూలనోద్యమము ఆరంభమైనను, 1968లో బందిపుర, ముదుమలై అడవులలో ముసర సోకి అడవిదున్నలు గుంపులు గుంపులుగా కూలినవి. అడవిదున్నను పట్టి సూది వేయువాడెవడు? ఊరి పశువులకు టీకా వేయగా వేయగా, 1995 తరువాత దేశమున ఆ రోగము కానరాలేదు. 2011లో భూమండలముననే అంతరించినట్లు ప్రకటించిరి. మశూచి తరువాత మానవుడు తుడిచివేసిన రెండవ వ్యాధి ఇది.

ముసర పోయినను దాని తమ్ముడుండెను. గొర్రెమేకలకు జ్వరము, ముక్కుచీమిడి, నోటిపుండ్లు, పారుడు కలిగించు పి.పి.ఆర్. మన దేశమున 1987లో తమిళనాడులోని అరసూరులో మొదట గుర్తింపబడెను. 2016 చివర మంగోలియాలో అదియే పెంపుడు మందలనుండి సైగా జింకలకు పాకి వేలకొలదిగా చంపినది. తెలంగాణమున 2019 గణనలో గొర్రెలు కోటి తొంబది లక్షలు. దేశమున ఇదియే అధికము. 2017 నుండి ప్రభుత్వము పంచిన గొర్రెలనేకము పరరాష్ట్రములనుండి వచ్చినవి. దూరమునుండి లారీలలో అలసివచ్చిన జీవమును వెంటనే మందలో కలుపక కొన్నాళ్లు వేరుగా కట్టుట ఎంత అవసరమో, రోగము చవిచూచిన గొల్లకురుమలకు వేరుగ చెప్పనక్కరలేదు.

వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 1991లో చేర్చిన 33-ఏ నిబంధన, అభయారణ్యములోను దానికి 5 కిలోమీటర్లలోపలను ఉన్న పశువులకు అంటురోగముల టీకాలు వేయింపవలెనని విధించుచున్నది. అడవిమృగమును పట్టి సూది వేయలేము గనుక, కొండగొర్రె సుఖము కవ్వాల్ చెంతనున్న జన్నారము చుట్టుపట్టుల దొడ్లలోనే తేలవలసియున్నది. పి.పి.ఆర్. టీకా ఒక్కమారు వేసిన మూడేండ్లకు తక్కువ కాక కాచును. ఎండలు ముదిరి కుంటలింకి, మందయు మృగమును ఒక్క మడుగునకే దిగవలసిన దినములు రాకమునుపే ఆ సూది పడవలెను.