పాల చక్కెరను విడగొట్టే ఎంజైము: బీటా-గాలక్టోసిడేజ్ స్ఫటిక నిర్మాణం, దాని ప్రయోజనాలు

త్రాగునీటి నమూనాలో కోలిఫారం సూక్ష్మజీవులు ఉన్నదీ లేనిదీ తెలుసుకొనేందుకు ప్రయోగశాలలు అనుసరిస్తున్న పద్ధతుల్లో ఒకదానిలో, నమూనా పసుపు రంగుకు మారితే ఆ జీవులు ఉన్నట్లు నిర్ధారిస్తారు. ఆ రంగుకు మూలం బీటా-గాలక్టోసిడేజ్ అనే ఎంజైము. ఈ. కోలి బాక్టీరియాలోని ఈ ఎంజైము స్ఫటిక నిర్మాణం 1994లో వెల్లడి కావడంతో జన్యుశాస్త్రంలో సుమారు మూడు దశాబ్దాలుగా ఉన్న ఒక సందేహం తీరింది. పాత్రికేయుల, అధికారుల ఉపయోగార్థం ఆ వివరాలు ఇక్కడ పొందుపరచడమైనది.

ఎంజైము చేసే పని

పాలలోని చక్కెర అయిన లాక్టోజులో గాలక్టోజు, గ్లూకోజు ఒకదానితో ఒకటి బంధింపబడి ఉంటాయి. బీటా-గాలక్టోసిడేజ్ నీటి సాయంతో ఆ బంధాన్ని తెంచి, రెండు చక్కెరలనూ బాక్టీరియాకు ఆహారంగా అందిస్తుంది. లాక్టోజు లభించనప్పుడు బాక్టీరియా ఈ ఎంజైమును నామమాత్రంగానే తయారు చేస్తుంది. లాక్టోజు లభించి, అంతకంటే సులువైన గ్లూకోజు అందుబాటులో లేనప్పుడు ఉత్పత్తి అనేక రెట్లు పెరుగుతుంది. ఈ హెచ్చుతగ్గులను పరిశీలించిన ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఫ్రాన్స్వా జాకబ్, జాక్ మోనో జన్యువుల పనిని నియంత్రించే విధానాన్ని 1961లో ప్రతిపాదించారు. ఆంద్రే ల్వాఫ్‌తో కలిసి వారు 1965లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

నిర్మాణాన్ని కనుగొన్న తీరు

ప్రోటీను అణువులు సాధారణ సూక్ష్మదర్శినికి కనిపించేంత పెద్దవి కావు. అందువల్ల వాటిని శుద్ధి చేసి, స్ఫటికాలుగా పెంచి, వాటిపై ఎక్స్-కిరణాలను ప్రసరింపజేస్తారు. స్ఫటికంలో వరుసగా పేర్చబడిన అణువుల వల్ల కిరణాలు నిర్దిష్ట దిశలలో చెదిరి చుక్కలుగా నమోదవుతాయి. వాటి తీవ్రతను కొలిచి, గణితం ద్వారా పరమాణువుల స్థానాలను లెక్కగడతారు. ఇలా రూపొందిన ప్రోటీను నమూనాలను సరిచూసేందుకు ప్రపంచవ్యాప్తంగా వాడే ‘రామచంద్రన్ చిత్రం’ 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్ బృందం అందించినదే కావడం విశేషం.

బీటా-గాలక్టోసిడేజ్ విషయంలో ఈ పని తేలికగా సాగలేదు. ఈ ఎంజైములో ఒక్కొక్కటి 1,023 అమైనో ఆమ్లాలు గల నాలుగు ఒకే రకమైన గొలుసులున్నాయి. మొత్తం అణుభారం సుమారు 4,65,000 డాల్టన్లు. తొలి స్ఫటికాలలో నాలుగేసి సంపూర్ణ అణువులను, అనగా 16 గొలుసులను, కలిపి పరిశీలించవలసి వచ్చింది. అమెరికాలోని ఓరెగాన్ విశ్వవిద్యాలయంలో బ్రయన్ మాథ్యూస్ బృందం 2.5 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో ఈ నిర్మాణాన్ని 1994లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించింది. ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటవ వంతు. 2000 సంవత్సరంలో ఈ స్పష్టత 1.7 ఆంగ్‌స్ట్రామ్‌లకు చేరింది. 2015లో శ్రీరామ్ సుబ్రమణ్యం బృందం స్ఫటికాల అవసరం లేకుండా, అతిశీతల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో 2.2 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టత సాధించింది.

నలుగురు కలిస్తేనే పని

ప్రతి గొలుసూ ఐదు భాగాలుగా ముడుచుకొని ఉంటుంది. మూడవ భాగం పీపా ఆకారంలో ఉండి, చక్కెర వచ్చి చేరే గుంటకు ఆధారమవుతుంది. అక్కడ 537వ స్థానంలోని గ్లుటామిక్ ఆమ్లం గాలక్టోజును తాత్కాలికంగా పట్టి ఉంచగా, 461వ స్థానంలోని గ్లుటామిక్ ఆమ్లం బంధం తెగడానికి తోడ్పడుతుంది. మెగ్నీషియం, సోడియం అయాన్లు కూడా ఇందుకు అవసరం.

అయితే ఏ గొలుసుకు ఆ గొలుసు ఈ గుంటను స్వయంగా పూర్తి చేసుకోలేదు. పొరుగు గొలుసు నుంచి ఒక వంపు వచ్చి చేరితేనే అది సంపూర్ణమవుతుంది. గొలుసు ఆరంభంలోని కొద్దిపాటి అమైనో ఆమ్లాలు తొలగిపోతే నాలుగు గొలుసులు ఒకటిగా కూడలేక, రెండేసిగా మిగిలి, ఎంజైము పని చేయదు. లోపించిన చిన్న తునకను విడిగా అందిస్తే పని తిరిగి మొదలవుతుంది. ఈ వింతను 1960 దశకంలోనే గుర్తించినప్పటికీ, కారణం స్ఫటిక నిర్మాణం వెలువడిన తరువాతనే కంటికి కట్టినట్లు తెలిసింది.

ఈ లక్షణం జన్యు ఇంజనీరింగ్‌లో నిత్యం ఉపయోగపడుతోంది. తునకను తయారు చేసే జన్యువు మధ్యలో కొత్త జన్యువును చొప్పిస్తే ఎంజైము పని నిలిచిపోతుంది. ఎక్స్-గాల్ అనే పదార్థంపై పెంచినప్పుడు కొత్త జన్యువు చేరిన బాక్టీరియా గుంపులు తెల్లగాను, చేరనివి నీలంగాను కనిపిస్తాయి.

నీటి పరీక్షలో పాత్ర

నీటి నమూనాకు ఓ.ఎన్.పి.జి. అనే పదార్థాన్ని కలిపి నిర్ణీత ఉష్ణోగ్రతలో ఉంచుతారు. కోలిఫారం జీవులలోని బీటా-గాలక్టోసిడేజ్ దానిని విడగొట్టగానే పసుపు రంగు వెలువడుతుంది. లాక్టోజు ద్రావణంలో ఆమ్లం, వాయువు ఏర్పడడాన్ని గమనించే పాత పద్ధతికి కూడా ఈ ఎంజైమే ఆధారం. త్రాగునీటికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం ఏ 100 మిల్లీలీటర్ల నమూనాలోనూ కోలిఫారం కనిపించరాదు.

ఫలితాలను ప్రకటించేటప్పుడు, ప్రచురించేటప్పుడు ఈ క్రింది అంశాలను దృష్టిలో ఉంచుకొనవలసి ఉంటుంది.

1. పసుపు రంగు కోలిఫారం జీవుల ఉనికిని మాత్రమే తెలుపుతుంది. వీటిలో కొన్ని మట్టిలోను, మొక్కలపైన కూడా ఉంటాయి. కనుక రంగు మారినంత మాత్రాన మలకాలుష్యం జరిగిందనిగాని, వ్యాధి ప్రబలిందనిగాని నిర్ధారించరాదు.

2. మలకాలుష్యానికి సూచిక ఈ. కోలి. దీనిని గుర్తించేందుకు బీటా-గ్లూకురోనిడేజ్ అనే మరో ఎంజైముపై ఆధారపడతారు. పరీక్షలో అతినీలలోహిత కాంతి క్రింద నీలి మెరుపు కనిపిస్తే ఈ. కోలి ఉన్నట్లు భావిస్తారు.

3. ఈ. కోలి లేకున్నా కోలిఫారం కనిపించిందంటే శుద్ధి ప్రక్రియలోనో, గొట్టాలలోనో లోపం ఉండవచ్చు. అందువల్ల ఆ ఫలితాన్ని ఉపేక్షించక, కారణాన్ని అన్వేషించి, నమూనాలను తిరిగి పరీక్షించవలసి ఉంటుంది.