తలకు రెండున్నర టన్నులు

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇటలీ ఊళ్ళ గోడల మీద గులాబీ రంగు పోస్టర్లు వెలిశాయి. వేయించింది బెల్జియం బొగ్గు గనుల యజమానుల సంఘం. బెల్జియానికి రైల్లో 18 గంటలే ప్రయాణం, టికెట్టు ఉచితం. ఏ పనికి ఎంత కూలి, పిల్లలకు ఎంత భత్యం, జీతంతో సెలవులు, ఇంటి పొయ్యికి బొగ్గు... అన్నీ వరసగా అచ్చువేశారు. గని ఎంత లోతో, లోపల గాలి ఎట్లా ఉంటుందో మాత్రం చెప్పలేదు.

మా నాన్న కొత్తగూడెంలో సింగరేణి కోల్ కట్టర్. కొత్తగా ఒక బాయికి బదిలీ అయితే మా ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న లోతు గురించి, రెండోది గాలి గురించి, జీతం మాట ఆ తర్వాతే. అందుకే ఇక్కడ బ్రస్సెల్స్‌లో ఉద్యోగానికి వచ్చాక ఆ పోస్టరు నకలు చూసినప్పుడు, అందులో రాయనివే ముందు నా కంటబడ్డాయి.

పోస్టరు వెనక ఒక ఒప్పందం ఉంది. 1946 జూన్ 23న ఇటలీ, బెల్జియం ప్రభుత్వాలు సంతకాలు చేశాయి. ఇటలీ వారానికి 2,000 మంది చొప్పున 50,000 మంది కూలీలను పంపాలి. వయసు 35 దాటకూడదు. బదులుగా, వెళ్ళిన ప్రతి వెయ్యి మందికి నెలకు కనీసం 2,500 టన్నుల బొగ్గును బెల్జియం ఇటలీకి అమ్మాలి. అంటే తలకు రెండున్నర టన్నులు. ఇటలీకి చాలినంత బొగ్గు లేదు, నిరుద్యోగులు ఉన్నారు. బెల్జియానికి గనులున్నాయి, దిగేవాళ్ళు లేరు. 1945లో బెల్జియం ప్రధాని అకీల్ వాన్ ఆకర్ 'బొగ్గు యుద్ధం' ప్రకటించి ఎంత పిలిచినా స్థానికులు గనికి మొహం తిప్పేశారు. ఆ లోటును కొంతకాలం జర్మన్ యుద్ధఖైదీలతో పూడ్చారు. వాళ్ళు స్వదేశానికి వెళ్ళిపోయే రోజు దగ్గరపడ్డాక ఇటలీ గుర్తుకొచ్చింది.

దక్షిణాది పల్లెల నుంచి, ఉత్తరాన వెనెతో నుంచి వచ్చిన కుర్రాళ్ళను మిలాన్ సెంట్రల్ స్టేషన్ నేలమాళిగలో డాక్టర్లు పరీక్షించేవారు. నెగ్గినవాళ్ళతో రైలు ఉత్తరానికి కదిలేది. పోస్టరులోని 18 గంటలు కాస్తా రెండు రోజులు దాటేవి. బెల్జియంలో దిగగానే ఏ గనికి ఎవరెవరో విడదీసి లారీలెక్కించేవారు. బస ఎక్కడంటే, నిన్నమొన్నటిదాకా యుద్ధఖైదీలున్న శిబిరాల్లోనే. సగం డ్రమ్ము బోర్లించినట్టుండే రేకుల షెడ్లు, ఎండకు కాలేవి, చలికి గడ్డకట్టేవి. భార్యాబిడ్డలను రప్పించుకున్నవాళ్ళు ఆ షెడ్లలోనే ఏళ్ళు గడిపారు. ఊళ్ళో అద్దెకు ఇల్లు అడగబోతే జంతువులకూ విదేశీయులకూ ఇవ్వం అన్న బోర్డులు ఎదురయ్యేవని ఆ తరంవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

వాళ్ళలో చాలామంది సేద్యగాళ్ళు, మేస్త్రీలు, గొర్రెల కాపరులు. బాయి మొహం చూసినవాళ్ళు తక్కువ. శిక్షణ అంటూ పెద్దగా లేదు, భాష రాదు. షాఫ్ట్‌లో మనుషులనూ బొగ్గునూ మోసే కేజ్ ఒక్కసారిగా జారినప్పుడు కడుపులో పేగులు పైకి లేస్తాయని, అలవాటు పడటానికి నెలలు పట్టిందని నాన్న చెప్పేవాడు. నాన్న పక్కన కనీసం తెలుగులో ధైర్యం చెప్పే సీనియర్లు ఉండేవాళ్ళు.

కొందరు ఒక్క షిఫ్టుకే బెంబేలెత్తి ఇక దిగం అన్నారు. ఒప్పందం ఏడాదికి. గని మానేసి వేరే పనిలో చేరే అనుమతి లేదు. గనిలో ఏళ్ళు గడిపాకే ఆ అనుమతి దొరికేది. మొండికేసినవాళ్ళను బ్రస్సెల్స్‌లోని పెతి షాతో అనే పాత సైనిక బారకాసులో పెట్టి, అక్కణ్ణుంచి రైలెక్కించి వెనక్కి పంపేవారు. దొంగతనం లేదు, కొట్లాట లేదు. పని వద్దనడమే నేరం. కాలవ ఒడ్డున కోట బురుజుల్లాంటి గోపురాలతో ఆ కట్టడం ఇప్పటికీ ఉంది. 1986లో అది ఆశ్రయం కోరి వచ్చే విదేశీయుల కేంద్రమైంది. నేను ఆఫీసుకు వెళ్ళే దారి అటే.

షార్లెరువా పక్కన మార్సినెల్‌లోని బ్వా ద్యు కాజియే గని ఇప్పుడు మ్యూజియం. అక్కడ బట్టలు మార్చుకునే గదిలో తలెత్తి చూస్తే కొక్కేలు వేలాడుతుంటాయి. ఒక్కో కార్మికుడికి ఒక్కో గొలుసు. మామూలు బట్టలు కొక్కేనికి తగిలించి, గొలుసు లాగి కప్పు దాకా ఎత్తేసి, కింద తాళం వేసుకుని బాయిలోకి దిగేవాడు. షిఫ్టు అయ్యాక దించుకునేవాడు. 1956 ఆగస్టు 8న పొద్దున 275 మంది దిగారు. 8 గంటల 10 నిమిషాలకు, 975 మీటర్ల లోతున, బొగ్గు టబ్బు కేజ్‌లోకి పూర్తిగా ఎక్కకుండానే కేజ్ పైకి లేచింది. బయటికి పొడుచుకువచ్చిన టబ్బు దారిలో దూలానికి తగిలింది. కరెంటు కేబుళ్ళు, నూనె గొట్టం, కంప్రెస్డ్ ఎయిర్ గొట్టం ఒకేచోట తెగాయి. నిప్పురవ్వ, నూనె, గాలి, చుట్టూ కట్టెల ఆసరాలు... ఇంకేం కావాలి? పొగ గని అంతా పాకింది. 262 మంది పోయారు, 12 దేశాలవాళ్ళు. అందులో 136 మంది ఇటాలియన్లు, 95 మంది బెల్జియన్లు. ఆ రోజు కప్పు మీదికి ఎత్తిన బట్టల్లో ఎక్కువ భాగాన్ని దించుకోవడానికి మనుషులు రాలేదు. కేసు ఏళ్ళు నడిచి, చివరికి అప్పీలులో ఒకే ఒక్క అధికారికి 6 నెలల శిక్ష పడింది. అదీ అమలు కాని శిక్షే.

ఆ తర్వాత ఇటలీ మనుషులను పంపడం ఆపేసింది. బెల్జియం మాత్రం గనులను మార్చే ముందు దేశాలను మార్చింది. స్పెయిన్‌తో, గ్రీసుతో, 1964లో మొరాకోతో, టర్కీతో అలాంటి ఒప్పందాలే చేసుకుంది. ఊపిరితిత్తుల్లో రాతిధూళి పేరుకుని మనిషిని కొరుక్కుతినే సిలికోసిస్‌ను వృత్తివ్యాధిగా ఒప్పుకున్నదీ 1964లోనే.

అటు ఇటలీ మరో తలుపు తడుతూ వచ్చింది. 1957 మార్చి 25 నాటి రోమ్ ఒడంబడికలో, ఒక సభ్యదేశపు కార్మికుడు మరో సభ్యదేశానికి స్వేచ్ఛగా వెళ్ళి పనిచేసుకోవచ్చన్న సూత్రం కోసం గట్టిగా పట్టుబట్టింది ఆ దేశమే. 1968లో అది నిబంధనగా అమల్లోకి వచ్చింది. ఈనాడు మా ఆఫీసులో ఒక ఇటాలియన్ అమ్మాయి నచ్చని ఉద్యోగానికి శుక్రవారం రాజీనామా ఇచ్చి, సోమవారం ఇంకో కంపెనీలో చేరింది. ఆమెకు అది ఒక కబురు కూడా కాదు. 1946లో అదే పనికి పెతి షాతో చూపించేవారు.

సింగరేణిలో తండ్రి తర్వాత కొడుక్కి వారసత్వ ఉద్యోగం ఇమ్మని సమ్మెలు జరిగాయి. బెల్జియంలోని వలోనియా ప్రాంతపు ఇటాలియన్ల ఇళ్ళలో మాట వేరు, కొడుకు మాత్రం దిగకూడదు. గని కార్మికుడి కొడుకు సాల్వతోరె అదామో గాయకుడయ్యాడు. ఇటలీలోని అబ్రుత్సో నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టిన ఎలియో ది రుపో 2011లో బెల్జియం ప్రధాని అయ్యాడు. ఈ పేర్లు చెప్పి ఆ వలసను విజయగాథగా ముగిస్తుంటారు. అది పిల్లల గెలుపు. తండ్రుల లెక్క తండ్రులదే.

కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్ళి, యజమాని దగ్గర పాస్‌పోర్టు ఇరుక్కున్నవాళ్ళు మా బంధువుల్లోనూ ఉన్నారు. వాళ్ళకు ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు. పరాయి దేశంలో పని దొరికిందా అని అందరం అడుగుతాం. వద్దనుకుంటే మానుకునే వీలుందా అన్నదే నేనైతే ముందు అడుగుతాను.