మిరపకు చలంటే ఎందుకంత భయం? గడ్డకట్టే మంచులో గోధుమ ఎలా బతుకుతుంది?

పల్నాడు జిల్లా బొల్లాపల్లి మండలంలో రైతులు మిరప ఎక్కువగా వేస్తారు. ఇక్కడ నీళ్లు గడ్డకట్టేంత చలి రాదు. మన రాష్ట్రంలో సున్నా డిగ్రీల దగ్గరికి వెళ్లేది లంబసింగి లాంటి ఏజెన్సీ ఊళ్లే. అయినా డిసెంబర్, జనవరి రాత్రుల్లో చలి ముదిరితే మిరపలో పూత రాలుతుంది, కాయ సరిగ్గా కట్టదు. అదే చలి దేశాల్లో గోధుమ పైరు నెలల తరబడి మంచు కింద ఉండి కూడా మళ్లీ చిగురిస్తుంది. ఈ తేడా ఎందుకో చూద్దాం.

మంచు మొక్కను ఎలా చంపుతుంది?

ఆకులో మంచు ముందుగా కణాల బయట ఏర్పడుతుంది. అది కణాల్లోని నీటిని బయటికి లాగేస్తుంది. నీళ్లు పోయిన కణం ముడుచుకుపోయి, దాని చుట్టూ ఉన్న పలుచని పొర దెబ్బతింటుంది. వాతావరణం వేడెక్కాక ఆకు వాడి, నల్లబడిపోయేది అందుకే.

గోధుమ ముందే సిద్ధమవుతుంది

గడ్డకట్టే చలికి ముందు కొన్ని రోజులు మామూలు చలి తగిలితే చాలు, గోధుమ, ఆవాల జాతి మొక్కలు అప్రమత్తమవుతాయి. చలి తగలగానే కణాల్లోకి కాల్షియం వస్తుంది. ఆ వెంటనే 'సీబీఎఫ్' అనే జన్యువులు మేల్కొని, రక్షణ ఇచ్చే మరెన్నో జన్యువులను నడిపిస్తాయి. దాంతో కణాల్లో చక్కెరలు, ప్రోలిన్ పెరుగుతాయి. పొరలోని కొవ్వులు బిగుసుకుపోకుండా మారతాయి. వీటిలో సీబీఎఫ్1 జన్యువును 1997లో అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో మైఖేల్ థామషో బృందం వెల్లడించింది.

ఈ రక్షణ ఎప్పుడూ ఉంటే ఏంటి?

ఉంటే నష్టమే. సీబీఎఫ్ జన్యువులు అదేపనిగా పనిచేసేలా మార్చిన మొక్కలు గిడసబారిపోయాయి. అందుకే వేడి పెరగ్గానే మొక్క ఈ ఏర్పాటును ఆపేస్తుంది. తర్వాత ఒక్కసారిగా చలి విరుచుకుపడితే దెబ్బతినేది కూడా అందుకే.

మరి మిరప సంగతి?

మిరప పుట్టిల్లు అమెరికా ఖండంలోని వెచ్చని ప్రాంతాలు. దానిలోనూ ఈ తరహా జన్యువులు ఉన్నాయి కానీ, గడ్డకట్టే చలిని ఆపేంత రక్షణ ఇవ్వలేవు. రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల కంటే తగ్గితే పుప్పొడి బలహీనపడుతుంది. 10 డిగ్రీల కిందికి పోతే ఆకులకే దెబ్బ.

తడిగా ఉన్న నేల పగటి వేడిని ఎక్కువగా దాచుకుంటుంది. చలి రాత్రులకు ముందు పొలం బెట్టకు రాకుండా చూసుకుంటే కొంత ఉపశమనం. పూత సమయం బాగా చలి రోజుల్లో పడకుండా నాట్లు ముందే వేసుకోవడం మరో మార్గం.