నడివయస్సున యోగాభ్యాసము – మైసూరు యోగశాల కథ



సంకీర్తనము ముగిసి హారతి యిచ్చు వేళకు మనలో పెక్కుమంది మండపస్తంభమును పట్టుకొని గాని లేవలేకున్నాము. నలువది దాటినది మొదలు మఠము వేసికొని గంటసేపు కూర్చుండుట కష్టము. అంగప్రదక్షిణము మాట అటుంచి, మూడు ప్రదక్షిణములకే మోకాళ్లు మొరపెట్టును. కొంచెము యోగాభ్యాసము చేయరాదా యని యెవరైన అడిగిన, మనకు సిద్ధముగా నున్న సమాధానమొకటి గలదు: మొక్కై వంగనిది మానై వంగునా?

ఈ సామెతను పెద్దలు పిల్లల పెంపకమును గూర్చి చెప్పిరి. దానిని మనము మన సోమరితనమునకు రక్షరేకుగా కట్టుకొంటిమి. శాస్త్రము అట్లు చెప్పలేదు. పదునైదవ శతాబ్ది నాటిదని పండితులు తలచు హఠయోగప్రదీపికలో స్వాత్మారామయోగి యువకుడు, వృద్ధుడు, అతివృద్ధుడు, రోగి, దుర్బలుడు – వీరందరును అభ్యాసముచే సిద్ధి పొందుదురనియే వ్రాసెను. ఆయన అడ్డుపెట్టినది సోమరితనమునకే గాని వయస్సునకు కాదు. పతంజలి మహర్షియు ఆసనము నిలుకడగాను, సుఖముగాను ఉండవలెననెను గాని, ఇన్ని యేండ్లలోపు వారికే యని గీత గీయలేదు.

శాస్త్రమున నున్నది ఆచరణలో నిలుచునా యను సందేహము సహజము. దానికి మనము మైసూరు పోవలెను.

మైసూరు ప్రభువైన నాల్గవ కృష్ణరాజ ఒడెయరువారు 1884లో జన్మించిరి. వారికి మధుమేహము ఉండెడిది. వారి ఆదరణతో తిరుమల కృష్ణమాచార్యులవారు 1933లో జగన్మోహన ప్యాలెస్ భవనములందు యోగశాల నెలకొల్పిరి. ఆచార్యులవారు న్యాయమీమాంసలను అభ్యసించిన శ్రీవైష్ణవ పండితులు. ఆ శాలలో ముఖ్యముగా కుర్రవాండ్రు సాధన చేసెడివారు. వారు ఎగిరి దూకి క్షణములో ఆసనము మార్చుట చూచి సభలు ఆశ్చర్యపడెడివి. కాని రాజుగారు తామును ఆచార్యులవారి కడ అభ్యసించిరి. అప్పటికి వారి వయస్సు నలువదియైదు దాటినది. సింహాసనము మీది వానికే లేని సిగ్గు మనకెందులకు?

ఇక 1937–38 ప్రాంతమున ఆ శాల గుమ్మము ముందు నిలిచిన యొక స్త్రీ కథ వినుడు. ఆమె 1899లో రీగా నగరమున పుట్టెను; అసలు పేరు యూజీనియా పీటర్సన్. 1927లో భారతదేశమునకు వచ్చి, ఇక్కడి మూకీ చిత్రములో నటించి, ఇంద్రాదేవి యను పేరు తాల్చి, ఒక దౌత్యోద్యోగిని వివాహమాడెను. పిమ్మట గుండెజబ్బు పట్టుకొని చాలకాలము బాధించెను. యోగము నేర్పుడని వేడగా ఆచార్యులవారు అంగీకరింపలేదు. ఆమె స్త్రీ, పరదేశీయురాలు, వయస్సు నలువదికి చేరువ, దేహము రోగగ్రస్తము. నాలుగు వైపులను తలుపు మూసియున్నట్లే. అయినను ఆమె వెనుదిరుగక రాజుగారిచే చెప్పించుకొనెను. రాజాజ్ఞ గనుక గురువు కాదనలేకపోయెను గాని, ఆహారమునందును దినచర్యయందును కఠిననియమములు విధించెను. తనంత తానే విసిగి మానుకొనునని తలచెనేమో! ఆమె మానలేదు. క్రమముగా ఆరోగ్యము కుదుటపడెను. గురువు మనస్సును మారెను. భర్తకు చైనాకు బదిలీ కాగా, సెలవు తీసికొనుటకు వచ్చిన శిష్యురాలిని ఆచార్యులవారే ఇక నీవు ఇతరులకు నేర్పుమని ఆదేశించిరి. ఆమె 1939లో షాంఘైలో పాఠశాల తెరచెను. 1947లో అమెరికాలోని హాలీవుడ్ నగరమున మరియొకటి తెరచెను. 2002లో కన్నుమూయునాటికి ఆమెకు నూట రెండేండ్లు నిండియుండెను.

ఇందు మనము ప్రత్యేకముగా గమనింపవలసినది యొకటి గలదు. గురువు కుర్రవాండ్రకు నేర్పిన దానినే ఆమె నెత్తిన రుద్దలేదు. దేహమును, వయస్సును, ఆశ్రమమును చూచి అభ్యాసము మార్చవలెనని కృష్ణమాచార్యులవారు జీవితాంతము చెప్పుచుండిరి. బాలునకు చురుకుదనము వృద్ధి యగునట్లు, గృహస్థునకు ఆరోగ్యము నిలుచునట్లు, ముదిమియందు చిత్తము భగవంతునియందు లగ్నమగునట్లు సాధన ఉండవలెనని వారి బోధ. మనలో కొందరు ఈ మాట వినక, పుస్తకములోని బొమ్మ చూచి, గోడకు కాళ్లానించి శీర్షాసనముతోనే మొదలుపెట్టుదురు. మూడవనాడు మెడ పట్టును. నాల్గవనాడు యోగము మంచిది కాదని ఊరంతయు చాటుదురు. రక్తపోటు, కంటిజబ్బు గలవారు వైద్యుని అడుగక తలక్రిందులు కారాదు. శవాసనమును, దీర్ఘముగా ఊపిరి విడుచుటను నేర్చినను అది ప్రారంభమే.

ఆ యోగశాలకే 1934లో ఒక పదునైదేండ్ల బాలుడు, ఆచార్యులవారి బావమరది, వచ్చిచేరెను. విషజ్వరము, మలేరియా, క్షయ పిండివేసిన బక్కప్రాణి. వారే పిమ్మట జగత్ప్రసిద్ధులైన బి.కె.ఎస్. అయ్యంగారు. 1952లో బొంబాయికి వచ్చిన వయొలిన్ విద్వాంసుడు యెహూది మెనూహిన్ వారి కడ సాధన మొదలుపెట్టెను. అప్పటికాయనకు ముప్పదియైదేండ్లు, దేహమంతయు నొప్పులు, నిద్ర పట్టదు. అయ్యంగారు కన్నులు మూయించి ముద్ర పట్టించగానే ఆయన నిద్రపోయెనట! తరువాత ఆ విద్వాంసుడు తన వయొలిన్ గురువులలో ఉత్తములు మీరేయని చెక్కించిన గడియారమును అయ్యంగారికి కానుక యిచ్చెను. 1958లో బెల్జియం రాజమాత ఎలిజబెత్ యెనుబది దాటిన వయస్సున వారికి శిష్యురాలయ్యెను.

మన మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారి విషయము ఇంకను విచిత్రము. వారు యేబదియవ పడిలో అయ్యంగారి కడ ఆసనములు నేర్చిరి. డెబ్బదియేండ్ల వయస్సున, 1965 ప్రాంతమున, కృష్ణమాచార్యుల కుమారుడైన దేశికాచారి కడ మరల మొదటినుండి ఆరంభించిరి. దేశికాచారి ఇంజనీరింగు చదివి, ఆ వృత్తి విడిచి, తండ్రి కడ చేరిన వాడు. అప్పటి కాయనకు ఇరువదియేడేండ్లు. గురువులు అక్కరలేదని లోకమంతట ప్రసంగించిన పెద్దవారు, మనుమని యీడువాని ముందు చాప పరచుకొని కూర్చుండి, ఊపిరి ఎప్పుడు పీల్చవలెను, ఎప్పుడు విడువవలెను అని అడిగి నేర్చుకొనుచుండిరి.