గుర్రం కింద స్పాంజి

కిరండూల్ లైను విడిపోయే కొత్తవలస స్టేషన్‌కి దగ్గర్లోనే మా పిన్ని ఇల్లు. పోయిన సెలవుల్లో అక్కడే కూర్చుని నా బేస్ గిటార్ తీగల కింద, బ్రిడ్జ్ పక్కన, స్పాంజి ముక్క కుక్కాను. వీణవాళ్ళ భాషలో బ్రిడ్జ్ అంటే గుర్రం. పిన్ని చిన్నప్పుడు విజయనగరంలో వీణ నేర్చుకుంది. ఓ నిమిషం విని, "అదేటిరా, తీగ నోరు నొక్కేసినావు?" అంది.

ఆ నొక్కడానికో చరిత్ర ఉంది. 1951లో లియో ఫెండర్ తెచ్చిన బేస్ పేరే ప్రెసిషన్. మెట్లు ఉన్నాయి, స్వరం తప్పదు అని భరోసా. 60ల్లో మోటౌన్ పాటలకి వాయించిన జేమ్స్ జేమర్సన్, గుర్రం మూత కింది స్పాంజిని తియ్యలేదు, పాత తీగలూ మార్చలేదు. నాదం వెంటనే ఆగిపోతుంది కాబట్టి స్వరానికీ స్వరానికీ మధ్య ఖాళీ దొరికేది. ఆ ఖాళీలో ఒక్క చూపుడువేలితో లయ నడిపాడు. జాకో పాస్టోరియస్ దీనికి ఎదురు దారి పట్టాడు. మెట్లు పీకేసి, గాడులు పూడ్చి, పైన ఎపాక్సీ పూశాడు. గుర్రానికి దగ్గరగా మీటి నాదాన్ని పదునెక్కించాడు. శ్రుతి బాధ్యత మళ్ళీ వేలి మీదా చెవి మీదా పడింది.

వీణ మెట్లు తియ్యకుండానే ఆ పని చేస్తుంది. మైనంలో కూర్చిన 24 మెట్ల మీద తీగని పక్కకి లాగితే స్వరాల మధ్య దారంతా గమకమే. ఇక పదును సంగతి. తీగని మీటిన చోట నిశ్చలంగా ఉండాల్సిన హార్మోనిక్ వినబడకూడదని థామస్ యంగ్ సూత్రం. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్, వీణ, తంబురాల్లో ఆ సూత్రం చెల్లదని 1921లో చూపించాడు. వంపు తిరిగిన గుర్రాన్ని తాకుతూ తీగే ఆ హార్మోనిక్‌ని పుట్టిస్తుంది. జాకో చేత్తో వెతికినదాన్ని ఇక్కడ గుర్రమే ఇచ్చేస్తోంది.

అంటే వాద్యాన్ని మార్చడమంటే చేతి పనిలో కొంత వాద్యానికి అప్పగించడం, లేదా వెనక్కి తీసుకోవడం.

పిన్ని వీణ ఈ జిల్లాలోదే, బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనసదుంగని తొలిచి చేసింది. వేళ్ళలో బలం తగ్గాక దాన్ని గుడ్డ కప్పి మూల పెట్టేసింది. ఆ సాయంత్రం దాని కుండకి కాంటాక్ట్ మైక్ అతికించి నా ఆంప్‌కి తగిలించాను. అలవాటు కొద్దీ గట్టిగా మీటింది, స్పీకర్ బరబరమంది.

"గట్టిగా మీటక్కర్లేదేటి?"

"అక్కర్లేదు పిన్నీ."

ఈసారి గోరు తగిలీ తగలనట్టు మీటింది. నాదం గది దాటి వరండాలోకి వెళ్ళింది. అది పాత వీణ నాదం కాదు, గరుకు పోయింది, మీటులో ఉండే దెబ్బ పోయింది. ఆ సంగతి నాకంటే తనకే బాగా తెలుసు. అయినా చాలాసేపు వాయించింది.

నేను బయల్దేరేటప్పుడు ఆంప్ సర్దబోతుంటే, "అదిక్కడ ఉండనీరా," అంది.