పాటతో చెప్పిన సమాధానము

సంగీతమునకు అధిదేవత సరస్వతి యని మ్రొక్కిన లోకమే, సభలో పాడు స్త్రీని చిరకాలము చులకనగా జూచెను. వీణ పట్టిన దేవికి పటము కట్టి పూజించినవారు, వీణ పట్టిన మానవకాంతకు పెద్దల సరసన పీట వేయ నొల్లరైరి. ఈ అన్యాయమును ఉపన్యాసములతో గాక పాటతోను, పుస్తకముతోను, స్వార్జిత ధనముతోను ఎదిరించిన విదుషి బెంగుళూరు నాగరత్నమ్మ.

ఆమె 1878లో మైసూరు సంస్థానమందలి నంజనగూడున దేవదాసీ కుటుంబమున జన్మించెను. తల్లి పుట్టలక్ష్మి. బాల్యముననే సంస్కృతము, సంగీతము, నాట్యము అభ్యసించి, పిమ్మట చెన్నపట్టణము చేరి కచేరీలవలన కీర్తిని, ధనమును గడించెను. "విద్యాసుందరి" యను బిరుదు ఆమెకు సార్థకమయ్యెను. గ్రామఫోను ఈ దేశమునకు వచ్చిన తొలిదినములలో, కులస్త్రీలు యంత్రమునకు పాడుట మర్యాద గాదని పెద్దలు తలచుచుండిరి. కావున ఆనాడు ఇంటింట వినవచ్చిన స్త్రీకంఠములలో పెక్కు ఈమెవంటి కళావంతులవే. పాట నచ్చెను, పాడినవారికి మాత్రము గౌరవము దక్కలేదు.

పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరు నేలిన ప్రతాపసింహుని ఆస్థానమున ముద్దుపళని యను విదుషి యుండెను. ఆమె రచించిన తెనుగు శృంగార ప్రబంధము "రాధికా సాంత్వనము". 1887లో అచ్చయిన ప్రతిలో కొన్ని భాగములు విడువబడినవి. నాగరత్నమ్మ మూలప్రతిని సంపాదించి, పరిష్కరించి, 1910లో వావిళ్ల వారిచే సమగ్రముగా ప్రకటింపజేసెను. స్త్రీవిద్యకును, వితంతు వివాహములకును ఎంతయో పాటుపడిన కందుకూరి వీరేశలింగము పంతులు సైతము, ఆడుది వ్రాయదగని వర్ణనలు ఈ కావ్యమున గలవని అంతకుముందే నిరసించి యుండెను. సిగ్గు స్త్రీలకే గాని పురుషులకు వలదా యని నాగరత్నమ్మ తన పీఠికలో సూటిగా ప్రశ్నించెను. పురుషకవుల ప్రబంధములలో ఇట్టి వర్ణనలు రసపుష్టి యనిపించుకొనగా, స్త్రీ కలమునుండి వెడలినంతనే దోషము లయ్యెను. ఒకే పద్దును ఒకరికి జమగాను, వేరొకరికి ఖర్చుగాను వ్రాసిన లెక్క ఏ తనిఖీకి నిలుచును?

ఆమె ప్రశ్నకు తగిన సమాధానము రాలేదు. అశ్లీల మను నెపమున ప్రభుత్వమువారు ఆ పుస్తకపు ప్రతులను స్వాధీనపరచుకొనిరి. అది మరల బయటపడుటకు మూడు దశాబ్దములు దాటినవి. టంగుటూరి ప్రకాశము పంతులు తోడ్పాటుతో 1947లో నిషేధము తొలగెను.

ఈలోపల ఆమె మనస్సు తిరువయ్యారు మీదికి మరలెను. అచట కావేరి యొడ్డున, 1847లో పరమపదించిన త్యాగరాజస్వామి సమాధి ఆదరణలేక యుండెను. 1921లో ఈ సంగతి తెలిసినంతనే ఆమె పూనుకొని, స్థలము సంపాదించి, తన ఆస్తిని వెచ్చించి మందిరము కట్టించెను. 1925లో ప్రతిష్ఠ జరిగెను. అయినను అచటి ఆరాధనలలో స్త్రీలకు పాడు అర్హత లేదనిరి. గుడి కట్టుటకు స్త్రీ ధనము పనికివచ్చెను. గుడిలో పాడుటకు ఆమె గొంతు పనికిరాలేదు!

ఆమె అలిగి ఇల్లు చేరలేదు. 1927లో స్త్రీలను కూడగట్టి, మందిరమునకు వెనుకవైపున వేరుగా ఆరాధన నడిపెను. ముందు పురుషుల గానము, వెనుక స్త్రీల గానము; ఇరువురు పాడినవి ఆ స్వామి కృతులే. స్త్రీ కంఠము భక్తికి తగదన్నవారికి అంతకంటె వేరు సమాధాన మేమి కావలెను? కొన్నియేండ్లకు పక్షము లేకమై, స్త్రీపురుషు లందరికిని ఆరాధన యొక్కటియే అయ్యెను. పుష్య బహుళ పంచమినాడు నేడు స్త్రీలును పురుషులును కలిసి పంచరత్న కీర్తనలు పాడుచున్నారు.

1952లో నాగరత్నమ్మ తిరువయ్యారుననే కన్నుమూసెను. త్యాగరాజ మందిరమున కెదురుగా ఆమె సమాధి కలదు. అందలి శిల్పము చేతులు జోడించి స్వామినే చూచుచుండును.

ఇంకొక సంగతియు మరువరానిది. కచేరీ వేదిక కాలక్రమమున గృహస్త్రీలకు గౌరవస్థాన మయ్యెను. కాని ఆ బాట వేసిన కళావంతుల కుటుంబములు పెక్కు ఆ వేదికకు దూరమైనవి. దారి వేసినవారి పేరు మరచి ఆ దారిన నడచుట, పత్రము చించి ఋణము తీరిన దనుట వంటిది.

ఒక స్త్రీ వ్రాసిన పుస్తకము, వేరొక స్త్రీ పట్టుదల లేకున్న సమగ్రముగా నిలిచెడిది కాదు. గ్రంథాలయపు బీరువాలో దుమ్ముపట్టిన పుస్తకమును తుడిచి చదువరి చేతికిచ్చుట చిన్నపనియే కావచ్చును. నాగరత్నమ్మ మొదట చేసిన పనియు అదియే.