గెలిచిన తరువాత



1848లో పారిస్‌లో జరిగిన విప్లవం గురించి చదివినప్పుడల్లా నాకు మన ఉద్యమాలే జ్ఞాపకం వస్తాయి.

అప్పటి ఫ్రాన్సులో పన్ను ఎక్కువగా కట్టే సుమారు రెండున్నర లక్షల మందికే ఓటు ఉండేది. మధ్యతరగతి వారు ఓటు కోరారు. కూలీలు పని కోరారు. కోరికలు వేరైనా వీధిలో ఒక్కటయ్యారు. రాజును కాపాడవలసిన నేషనల్ గార్డు అనే పౌరదళంలో మధ్యతరగతి వారే ఎక్కువ. వారు పక్కకు తప్పుకోవడంతో ఫిబ్రవరి 24న లూయీ ఫిలిప్ గద్దె దిగాడు.

కొత్త ప్రభుత్వం పురుషులందరికీ ఓటిచ్చింది. పని లేనివారికి జాతీయ పనిశాలలు తెరిస్తే లక్ష మందికి పైగా చేరారు. ఖజానా ఖాళీ అయి ప్రత్యక్ష పన్నులు 45 శాతం పెంచారు. ఆ బరువు రైతు మీద పడింది. తమ సొమ్ముతో పారిస్ కూలీలు కూర్చుని తింటున్నారని పల్లెలు మండిపడ్డాయి. జూన్‌లో పనిశాలలు మూసివేయబోగా కూలీలు తిరగబడ్డారు. 23 నుండి 26 వరకు జరిగిన పోరులో వేలమంది చనిపోయారు. ఫిబ్రవరిలో తప్పుకున్న పౌరదళం వారిలో అనేకులు ఈసారి కూలీలకు ఎదురు నిలిచారు. డిసెంబరులో లూయీ నెపోలియన్ అధ్యక్షుడై, 1852లో చక్రవర్తే అయ్యాడు.

ఇక మన సంగతి. 2011 సెప్టెంబరు 13న మొదలై 42 రోజులు సాగిన సకల జనుల సమ్మెలో గుమాస్తాలు, టీచర్లు, సింగరేణి కార్మికులు, ఆర్టీసీ వారు కలిసి నడిచారు. అప్పటికే రిటైరైన నేనూ రోజూ టెంటులో కూర్చున్నాను. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది.

2019 అక్టోబరు 5 నుండి ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేశారు. ఆనాడు నా పక్కన టెంటులో కూర్చున్న కండక్టరు ఒకతను బజారులో కనిపించి, "సారూ, జర డిపో దాక రాండ్రి" అన్నాడు. వస్తానన్నాను. పోలేదు. నా పింఛను ఒకటో తారీఖున వస్తూనే ఉంది, అతని జీతం ఆగింది. పారిస్‌లోలా ఇక్కడ తుపాకులు పేలలేదు, నేను అతనికి ఎదురు నిలవనూ లేదు. ఇంట్లో కూర్చున్నాను, అంతే. కాని పారిస్ పొత్తు చెడింది కూడా ఇలాగే, ఎవరికి కావలసింది వారికి దక్కిన తరువాత.

2004 సెప్టెంబరు 1 తరువాత చేరిన మన పిల్లలకు మనం తీసుకుంటున్న పాత పింఛను వర్తించలేదు. వారు టెంటు వేసిన రోజున, మోకాళ్ళ నొప్పులున్నా, నేను పోయి కూర్చుంటాను. మీరూ రావాలని నా మనవి.